యాదమ్ బావ లారీ ఎందుకు కాగింది

ఆ ఏడు వేసవి మకాం మారుస్తూ బయల్దేరిన రెండో రోజు పొద్దున, పదిన్నర ప్రాంతంలో, మా యాదమ్ బావ టోపీ ఇద్దరు మనుషుల ఎత్తు పైకి లేచి, గాలిలో ఒకసారి తిరిగి, లారీ మీద కట్టిన సామాను పైన పడింది. అంతకుముందు దాని కింద రేడియేటర్ మూత ఉండేది. మూత వేడిగా ఉంటుందని బావ టోపీ మడిచి దాంతో పట్టుకుని తిప్పాడు. మూతను వెతకడానికి మాకు పావుగంట పట్టింది. టోపీని మా అక్క దుల్మా పైకెక్కి తీసింది. దాన్ని పిండి చూసి, బాగానే ఉడికిందనీ, కాస్త ఉప్పు పడితే తినేయొచ్చనీ చెప్పి మొగుడి చేతికిచ్చింది. టోపీ నేల మీద పడలేదు కనక పెద్ద కీడేమీ లేదని మా అమ్మ తేల్చింది. బావ తడి టోపీ అలాగే తలకు పెట్టుకున్నాడు. కనుబొమలు కొంచెం తగ్గినట్టు అనిపించాయి గానీ, ఎవరం ఆ మాట అనలేదు.

నవ్వింది ఆ ఒక్కసారే. ఎందుకంటే మూతతో పాటు పైకి లేచి ఇసకలో ఇంకిపోయింది నీళ్ళు. మా దగ్గర ఉన్నది ఒక పాల క్యాను నిండుగా, ఇంకోదాంట్లో అడుగున బెత్తెడు. ముందు రోజు సాయంత్రం జంట ఒంటెల బావి దగ్గర రెండూ నింపుకోవచ్చని బయల్దేరాం. బావిలోకి వేసిన తోలు బకెట్టు బురద తెచ్చింది, తరవాత ఆ బురద కూడా తేలేదు. అక్కణ్ణించి తెల్ల కనుమ దాటి ఏటి ఒడ్డుకు చేరాలంటే డెబ్బై కిలోమీటర్లు. మధ్యలో చుక్క నీరు లేదు. లారీ మాత్రం ఏడెనిమిది కిలోమీటర్లకోసారి కాగిపోతూ, కాగినప్పుడల్లా చిన్న బకెట్టు నీళ్ళు తాగుతోంది. బండిలో మేము నలుగురం పెద్దవాళ్ళం, అక్క ఒళ్ళో ఏడు నెలల నందిన్. పెద్ద పిల్లలిద్దరూ మా అన్నయ్య వెంట, మందతో కలిసి వారం ముందే ఏటి ఒడ్డుకు వెళ్ళిపోయారు. మమ్మల్ని వెతుక్కుంటూ రావాలని వాళ్ళకు తట్టేసరికి ఇంకో నాలుగు రోజులు పడుతుంది.

యాదమ్ బావ గురించి చెప్పాలి. మా జిల్లాలో ఆయనంత పిరికి డ్రైవరు లేడని అందరూ ఒప్పుకుంటారు, ఆయనతో సహా. వాగు దాటేముందు బండి దిగి, ప్యాంటు మడిచి, తను ముందు నడిచి వస్తాడు. కుక్క ఉన్న ఇంటికి వెళ్తే కుక్కను కట్టేదాకా క్యాబులోంచి హారన్ కొడుతూ కూర్చుంటాడు. ఏ ఆఫీసులోనైనా ఫోను మోగితే బయటికి వెళ్ళిపోతాడు. ఇంజన్ స్టార్టు చేశాక ఒక కర్ర తీసుకుని, ఒక కొస ఇంజన్‌కి, ఇంకో కొస చెవికి ఆనించి, డాక్టరు గుండె విన్నట్టు వింటాడు. ఏ చప్పుడూ లేకపోతే అది ఇంకా భయం. పధ్నాలుగేళ్ళు సహకార సంఘంలో ఈ రష్యా లారీనే నడిపాడు. సంఘం రద్దయినప్పుడు తన వాటా కింద గొర్రెలు వద్దని దీన్నే తీసుకున్నాడు. గొర్రెలైతే చస్తాయని భయం అన్నాడు.

ఈ భయానికి ఒక పుట్టుక ఉంది. మా నాన్న షరవ్ కూడా డ్రైవరే. ఇరవై రెండేళ్ళ కిందట ఒక చలికాలం పిండి బస్తాలు వేసుకుని వెళ్ళాడు. మంచు తుఫాను వచ్చింది, నాన్న తిరిగి రాలేదు. వెతకడానికి వెళ్ళిన వాళ్ళలో పంతొమ్మిదేళ్ళ యాదమ్ ఉన్నాడు. లారీ దగ్గరికి మొదట చేరింది ఆయనే. అక్కడేం చూశాడో మాకెవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. మూడేళ్ళ తరవాత మా అక్కను చేసుకున్నాడు. ఇంజన్‌లో నీళ్ళంటే మాత్రం ఆ రోజునించీ వణుకు. చలికాలంలో ఇంజన్‌లో గడ్డకట్టకుండా అందరూ రాత్రి ఒకసారి నీళ్ళు తీసేస్తారు. ఆయన తీసేసి, చలిలో మళ్ళీ లేచి వెళ్ళి, తీసేసిన నీళ్ళు నిజంగా తీసేశాడా అని చూసి వస్తాడు.

మా అమ్మ చిమెద్‌ది ఇంకో రకం భయం. ఎవరైనా ప్రయాణమైతే వెనకనించి నాలుగు పాల చుక్కలు చిలకరించడం అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. తొమ్మిది గుంటలున్న చెక్క చెంచా అందుకే ఉంటుంది. నాన్న వెళ్ళిన ఉదయం ఆవు ఒట్టిపోయి ఇంట్లో పాల బొట్టు లేక, అమ్మ వట్టి టీ చిలకరించింది. ఆ తరవాత చెంచా వదిలేసి టీ గరిటె పట్టుకుంది. వెనకనించి చల్లితే ముందు ఎదురయ్యేదాన్ని ఎలా ఆపుతుందని ఆమె ప్రశ్న. బండికి ఎదురుగా నిలబడి, రెండు గరిటెల చిక్కటి పాలు లారీ మూతి మీద కొడుతుంది. పదహారేళ్ళుగా ఈ బండికి, వారానికి రెండుమూడుసార్లు. బావ వైపర్లు వేయడు. పాలు ఎవరూ తుడవరు, కడగరు. అవి వాటంతటవే ఎండి పోవాలి.

మూత దొరికాక బావ వైద్యం మొదలుపెట్టాడు. మూత రబ్బరు చూశాడు, బాగానే ఉంది. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కాడు, ఉండాల్సినంత బిగువుగానే ఉంది. రేడియేటర్ ముందు చలికాలం మూసుకునే రేకు తలుపులుంటాయి. వాటి తీగ తెగి మూతబడ్డాయేమోనని వంగి చూశాడు. బార్లా తెరిచే ఉన్నాయి. చూసి గబుక్కున లేచాడు. అప్పుడు నాకు అనుమానం రాలేదు.

తరవాత థర్మోస్టాట్ విప్పాడు. అది వేడికి తెరుచుకోవాల్సిన చిన్న తలుపు. తెరుచుకోకపోతే నీళ్ళు ఇంజన్‌లోనే తిరిగి కాగుతాయి. దాన్ని పరీక్షించడానికి పిడకలు అంటించి, అమ్మ టీ కెటిల్లో నీళ్ళు పోసి, అందులో వేసి మరిగించాడు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. నీళ్ళు సలసలమనే వేళకు అది చక్కగా నోరు తెరిచింది. దానికి రోగం లేదని తెలిసి బావ ముఖం ఇంకా పాలిపోయింది. ఆ నీళ్ళు పారబోసే స్థితి లేదు కనక అమ్మ అందులోనే టీ ఆకు వేసి ఉప్పు కలిపింది. ఒక గుక్క తాగి, అల్లుడి టీకి బలం బాగా ఉందనీ, ఇనపరజను కాళ్ళదాకా దిగుతోందనీ అంది. ఎవరూ గిన్నెలో మిగల్చలేదు.

ఇంకో ఏడు కిలోమీటర్లు. వేడి చూపే మీటరు ముల్లు ఎర్రగీత మీదికి వెళ్ళింది. మళ్ళీ ఆగాం. లారీ మూతి గాలికి ఎదురు తిప్పి నిలబెట్టాడు బావ. గాలి వెనకనించి వస్తోంది, అదే మా ఖర్మ. ఈసారి మూత మీద పాత గోనె వేసి, ముఖం పక్కకు తిప్పుకుని, మూతను కొంచెం తిప్పి ఆపి, ఆవిరి పోయాక తీశాడు. నన్ను యాక్సిలరేటర్ తొక్కమని, లోపల నీళ్ళు సుడి తిరుగుతున్నాయా అని చూశాడు. తిరుగుతున్నాయి, పంపు మంచిదే. బుడగలు వస్తున్నాయా అని చాలాసేపు చూశాడు. ఆయనకు అసలు భయం హెడ్ గ్యాస్కెట్, ఇంజన్‌లో నీళ్ళు నూనెతో కలవకుండా ఆపే రేకు. అది పోతే ఇసకలో చేసేదేమీ లేదు. నూనె పుల్ల తీసి వేళ్ళ మధ్య రుద్దాడు. నీళ్ళు కలిస్తే నూనె తెల్లగా మీగడలా తేలాలి. నల్లగానే ఉంది. పొగ గొట్టం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూశాడు. ఇంజన్‌కి ఏమీ కాలేదు.

"అన్నీ బాగున్నాయిరా" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "అన్నీ బాగుండి ఇలా కాగితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు."

నేను బకెట్టు కోసం వెళ్ళి క్యాను మీద వేళ్ళతో కొట్టాను. సగం దాకా బోలుగా మోగింది. అక్క దూరంగా కూర్చుని నందిన్‌కు పాలిస్తోంది. పొద్దుణ్ణించి ఎన్ని గిన్నెల నీళ్ళు తాగావని అడిగితే చాలానే తాగానంది. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. పిల్ల కాసేపు లాగి, వదిలేసి, మళ్ళీ లాగి, ఏడుపు మొదలుపెట్టింది. అది ఆకలి ఏడుపు. చుట్టూ ఎటు చూసినా నేల తెల్లగా ఉడుకుతోంది. బయల్దేరిన దగ్గర్నించి ఇంకో బండి ధూళి కనపడలేదు. బావి దగ్గర చూసిన ఒంటె ఎముకలు గుర్తొచ్చాయి. అవి అక్కడ మా చిన్నతనంనించీ ఉన్నవే, అయినా సరే.

వెనక్కి తిరిగి వచ్చేసరికి బావ ఒక వింత పని చేస్తున్నాడు. ఇంజన్ నడుస్తుండగా, సామాను మీది ఒంటె బొచ్చు ఇంత పీకి, రేడియేటర్ ముందు అంచు దగ్గర పట్టుకుని వదిలాడు. ఫ్యాను లోపలినించి లాగే గాలికి బొచ్చు వెళ్ళి రేకులకు అతుక్కుంది. తీసి మధ్యలో పట్టుకుని వదిలాడు. బొచ్చు కింద పడింది. ఇంకో చోట వదిలాడు. పడింది. మూడోసారీ పడింది. బొచ్చు మడిచి జేబులో పెట్టుకుని, నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

నేను వంగి చూశాను. రేడియేటర్ సన్నటి రేకుల సందులు, అంచులు తప్ప, నిండిపోయి ఉన్నాయి. పాలు, పాల మీద ధూళి, ధూళి మీద బొచ్చు, దాని మీద మళ్ళీ పాలు. పదహారేళ్ళ దీవెన ఎండు పెరుగు బిళ్ళలా గట్టిపడి కూర్చుంది. గాలి దూరే దారి లేదు.

"ఎప్పుడు చూశావు?" అన్నాను.

"నిన్న బావి దగ్గర."

"మరి థర్మోస్టాట్ ఎందుకు ఉడకబెట్టావు?"

"అదైతే బాగుండునని."

గోకేస్తే సరిపోతుంది కదా అన్నాను. నువ్వు గోకు, కన్నకొడుకువి అన్నాడు. నేను జిల్లా బడిలో భౌతికశాస్త్రం చెప్తాను. వేడి గాలిలోకి ఎలా పోతుందో, దానికి రేకులు ఎందుకు పలచగా ఉండాలో, ఏటా ఎనిమిదో తరగతికి బొమ్మ గీసి మరీ చూపిస్తాను. ఆ బొమ్మ మా అమ్మకు మాత్రం గీసి చూపించలేను. అలా అని తెలియకుండా గోకడానికి వీల్లేదు. ఆమె లారీ నీడలో, మూతికి మూడు బారల దూరంలో కూర్చుని ఉంది. మొత్తానికి ఇద్దరు మగవాళ్ళం కలిసి ఒక నిర్ణయానికి వచ్చాం. ఏమీ అనకుండా మళ్ళీ బయల్దేరాం. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

ఆరు కిలోమీటర్లకు కాగింది. తరవాత నాలుగు కిలోమీటర్లకు. మధ్యాహ్నం దాటేసరికి కనుమ ఎదురుగా కనపడుతోంది, నీలంగా, దగ్గరగా. ఆ ఎత్తు ఎక్కడానికి మామూలు రోజుల్లోనే ముల్లు పైకి లేస్తుంది. క్యాను ఒంచి చూశాను. అడుగున ఆరేడు గిన్నెల నీళ్ళు. రేడియేటర్‌లో పోస్తే మాకు లేవు, పోయకపోతే బండి లేదు. నందిన్ ఏడవడం మానేసింది. ఏడ్చినప్పటికంటే అది ఎక్కువ భయపెట్టింది. అక్క పిల్లను గుండెకు ఆనించుకుని, మొగుడి వైపు చూసి, ఎంత దూరం ఉందని అడిగింది.

క్యానుకూ రేడియేటర్‌కూ మధ్య నిలబడి బావ వణుకుతున్నాడు. చేతిలోని బకెట్టు కింద పెట్టాడు. తడి ఆరిన టోపీ సర్దుకుని, అమ్మ ఎదురుగా వెళ్ళి మోకాలి మీద కూర్చున్నాడు.

"అమ్మా, బండికి ఊపిరాడటం లేదు."

"ఇంత గాలి వీస్తుంటే?"

"సందులు మూసుకుపోయాయి."

"దేంతో?"

బావ నా వైపు చూశాడు. నేను కనుమ వైపు చూశాను.

"పాలతో" అన్నాడు.

ఎవరు పోసిన పాలని అమ్మ అడగలేదు. ఎప్పట్నించి తెలుసని అడిగింది. నిన్నటినించని చెప్పాడు.

"నిన్నటినించి తెలిసి, చంటిపిల్ల నీళ్ళు బండికి తాగించావా? ఎవరికి భయపడి? దేవుడికా, నాకా?"

"దేవుడి దాకా ఆలోచించలేదమ్మా."

అమ్మ నవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటికే చెప్పుకుంటున్నట్టు అంది, "ఆయన వెళ్ళిన రోజు ఇంట్లో పాలు లేవు."

ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఆమె నోట మేము వినడం అదే మొదలు. యాదమ్ బావ వణుకు ఆగిపోయింది. ఇంజన్ గురించి మాట్లాడేటప్పుడు వచ్చే గొంతు ఒకటుంది ఆయనకు, నెమ్మదిగా, తడబాటు లేకుండా. ఆ గొంతుతో చెప్పాడు.

"ఆ బండి దగ్గరికి మొదట వెళ్ళింది నేనే కదమ్మా. బానెట్ ఎత్తి చూశాను. నీళ్ళు తీసే కుళాయిలో తుప్పు పెళ్ళ అడ్డం పడింది. ఆయన కుళాయి తిప్పారు, కొంచెం కారి ఆగింది, అయిపోయాయనుకున్నారు. లోపల మిగిలిన నీళ్ళు గడ్డకట్టి ఇంజన్ పగిలింది. ఆయన తప్పూ లేదు, పాల తప్పూ లేదు. వేలెడు తుప్పు."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడుగుతారేమోనని భయపడ్డాను. అడగరేమోనని కూడా."

అమ్మ లేచింది. లారీ మూతి దగ్గరికి వెళ్ళి, వంగి, వేలితో ఆ గట్టి పొరను నొక్కి చూసింది. దుల్మాను పిలిచి, గుడారం కంబళ్ళు కుట్టే పెద్ద సూది తీసి ఇమ్మంది. నేను చేయబోతే తోసేసింది. తన చేయి పెట్టిందాన్ని తన చేయే తీయాలంది. పరీక్షలో కాపీ కొట్టే పిల్లాడిలా ఇందాకటినించీ నేల చూపులు చూస్తున్నానని, మాష్టారుగిరి ఇంక చాలని కూడా అంది.

మూడు గంటలు పట్టింది. అమ్మ సూదితో ఒక్కో సందూ పొడుస్తుంటే, బావ లోపలి వైపునించి గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో తట్టాడు. రేకులు వంగితే మళ్ళీ అదే రోగమని, పుండు కడిగినంత మెల్లగా చేయించాడు. రాలిందాన్ని తొక్కకూడదు కనక కింద మొక్కులకు వాడే నీలం పట్టుగుడ్డ పరిచాం. అందులో గుప్పెళ్ళ కొద్దీ పసుప్పచ్చటి పెళ్ళలు, బొచ్చు, మిడతల రెక్కలు. ఒక పిచ్చిక ఈక కూడా వచ్చింది. అక్కకు బావ ఒక గిన్నె నీళ్ళు ఇచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడ్డాడు. ఆమె తాగాక ఇంకో గిన్నె ఇచ్చాడు. మిగిలినవి, ఒక్క చుక్క ఒలకకుండా, రేడియేటర్‌లో పోశాడు. క్యాను ఖాళీ అయింది. ఒంపినా ఏమీ రాలేదు.

ఇక ఈ బండి కనుమ ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే లేదు.

బావ మళ్ళీ ఒంటె బొచ్చు తీసి మధ్యలో వదిలాడు. అది చటుక్కున వెళ్ళి అతుక్కుంది. అయినా నమ్మకుండా మూడుసార్లు చేశాడు. ఎక్కి కూర్చున్నాం. నలుగురి చూపూ ఆ ముల్లు మీదే. ఎత్తు మొదలవగానే అది లేచింది. సగం ఎక్కేసరికి ఎర్రగీతకు వేలెడు కింద ఉంది. బావ చెమటతో తడిసిపోయి, గేరు మారుస్తూ, ముల్లుకు వినపడకూడదన్నట్టు ఊపిరి బిగబట్టాడు. పై మలుపులో ఇంజన్ మూలిగింది. ముల్లు వణికి, అక్కడే నిలబడి, ఆ మీదట మెల్లగా, అయిష్టంగా, వెనక్కి జరిగింది. అమ్మ అప్పటిదాకా పట్టుకున్న నా మోచేయి వదిలింది. వారం రోజులు ఆ గుర్తులు పోలేదు.

కనుమ మీద దారిన పోయేవాళ్ళు మొక్కే రాళ్ళగుట్ట దగ్గర దిగి, చుట్టూ మూడుసార్లు తిరిగి, పట్టుగుడ్డ మూటను పైన, కాళ్ళు తగలని చోట పెట్టాం. పొద్దు వాలకముందే ఏటి ఒడ్డుకు చేరాం. అక్క చెప్పులు కూడా విప్పకుండా నీళ్ళలోకి దిగి నిలబడి తాగింది. ఆ సాయంత్రం నందిన్ పాలు తాగుతూ నిద్రపోయింది. యాదమ్ బావ మాత్రం మొదటి బకెట్టు రేడియేటర్‌కు పోశాకే తను తాగాడు.

పది రోజుల తరవాత ఆయన లారీలో ఉన్ని వేసుకుని పట్నానికి బయల్దేరాడు. అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, అలవాటు ప్రకారం మూతి ముందు నిలబడి, గుర్తొచ్చి ఆగింది. మూతి మీద వద్దన్నావు, అద్దం మీద పడితే దారి కనపడదంటావు, ఇంక తను ఇంట్లో కూర్చుని ఏం చూసుకుని ధైర్యంగా ఉండాలని నిలదీసింది.

"వెనక చక్రాల మీద చల్లండమ్మా, బండిని ఇంటికి తోసుకొచ్చేవి అవే" అన్నాడు యాదమ్ బావ.